జట్కా బండికి పాసంగం

మొన్న బాపట్లలో ఒక పెళ్ళి ఊరేగింపులో మా చెల్లెలు కృప నలుగురి ముందూ మా ఇంటి పేరు నిలబెట్టింది. అప్పటినుంచి దానిమీద నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఇదేం విడ్డూరం తల్లీ అనుకుంటారు. అనుకోండి. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఆదివారం ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాను, ఇంక దాచుకునేదేముంది? నాకు కుళ్ళు. అందరిమీదా కాదు, దానొక్కదానిమీదే. ఆ కుళ్ళు ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో తేల్చుకుందామనే ఈ కాయితాలు ముందేసుకుని కూర్చున్నాను.

పెళ్ళి నాతోపాటు పనిచేసిన టీచరుగారి మనవడిది. కృప ఉండేది రేపల్లె దగ్గర నగరం అనే ఊరి పక్కన ఒక పల్లెలో. భర్త పోయాడు, కొడుకు నిజాంపట్నంలో బోటు మీద పనికి పోతాడు. కొన్నాళ్ళు నా దగ్గర ఉండి పోదామని ఎండుచేపల సంచీ చంకన పెట్టుకుని బస్సు దిగింది. ఒక్కదాన్నీ ఇంట్లో వదిలిపెట్టి ఎట్టా వెళ్తానని పెళ్ళికి వెంటబెట్టుకెళ్ళాను. పెళ్ళికొడుకుని చర్చికి తీసుకెళ్ళటానికి రథం మాట్లాడామన్నారు. రథమూ లేదు, పాడూ లేదు. రెండు చక్రాల గుర్రబ్బండికి బంతిపూల దండలు చుట్టి, వెనకాల రంగు బల్బులు పెట్టి, ఆ బల్బుల కోసం రెండు పెద్ద బ్యాటరీలు ఎక్కించారు. పెళ్ళికొడుకు, వాడి పక్కన ముగ్గురు స్నేహితులు. రైలుగేటు దగ్గర ఎత్తు ఎక్కబోతూ గుర్రం ఆగిపోయింది. తోలేవాడు అదిలించాడు, బుజ్జగించాడు, చివరికి రెండు దెబ్బలు కూడా వేశాడు. కదిలితే ఒట్టు.

ఇంకేముంది, నడిరోడ్డు మీద పంచాయితీ మొదలైంది. ఒక కుర్రాడు ఫోనులో వెతికి, గుర్రం తన బరువుకి ఎన్నింతలు లాగగలదో గట్టిగా చదివి వినిపించాడు. ఇంకొకాయన, "అవి పెద్దజాతి గుర్రాలు బాబూ, మనవి పొట్టివి, వీటివల్ల ఏమవుద్ది?" అన్నాడు. పెళ్ళికొడుకు మేనమామ, "వీళ్ళు దానికి తిండి పెట్టరండీ, అదీ అసలు సంగతి," అని తీర్పు చెప్పేశాడు. నేను గుర్రం ముందుకాళ్ళ వంక చూశాను. గిట్టలు నేలకి సరిగ్గా ఆనటం లేదు. నాకు అర్థమైపోయింది. మాట నోటిదాకా వచ్చింది. కానీ కట్టుకున్నది పట్టుచీర, చుట్టూ నా దగ్గర చదువుకున్న పిల్లలు, రోడ్డు మీద గొంతెత్తితే ఏం బాగుంటుందని తటపటాయించాను. ఈలోపు కృప జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళిపోయింది.

"ఎవరయ్యా ఈ బ్యాటరీలు ఎనక పెట్టింది? బుద్ధుందా? బరువెక్కువై ఆగలేదయ్యా అది! ఎనక బరువుకి బండి దాన్ని పైకి లేపేస్తంది. పొట్టకింద పట్టీ చూడండి, ఎట్టా కోసుకుపోతందో! అబ్బాయ్, బ్యాటరీలు ముందుకి తోయ్. బాబూ, లావుపాటి బాబూ, నిన్నే, నువ్వు ముందుకొచ్చి తోలేవాడి పక్కన కూచో. పెళ్ళికొడుకు బాబు ఎనక్కి వాలకూడదు."

అంతే. కొట్టకుండానే గుర్రం ఎత్తు ఎక్కేసింది. జనం చప్పట్లు కొట్టారు. బ్యాండువాళ్ళు ఆవిడ కోసం ప్రత్యేకంగా ఒకసారి డప్పు వాయించారు. ఎవరండీ ఈవిడ అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. "మా సువార్త టీచరుగారి చెల్లెలండి, తెనాలి జట్కా దానియేలుగారి కూతురంట." కూతురంట! మరి నేనెవర్ని? నేను ఆయన పెద్దకూతుర్ని కానా? ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నావైపు తిరిగి, "మీక్కూడా తెలుసా అండి?" అని అడిగితే నా సొమ్మేం పోయేది, వాళ్ళ సొమ్మేం పోయేది?

మా నాన్న తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. మాది కాలవగట్టున పూరిల్లు. మధ్యలో తడిక. తడికకి అటు సగం పావురానిది, ఇటు సగం మా నలుగురిదీ. పావురం అంటే మా ఆడగుర్రం. బూడిదరంగులో ఉండేదని ఆ పేరు పెట్టాడు నాన్న. తెల్లవారుజామున లేచి అమ్మ మొట్టమొదట వెలిగించే పొయ్యి మాకోసం కాదు, దానికోసం. పెద్ద కుండలో ఉలవలు ఉడికేవి. ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. ఉలవల వాసన, దానికింద తడిసిన గడ్డి వాసన, లద్దె వాసన, నాన్న చుట్ట వాసన, అన్నీ కలిపి నా చిన్నతనం. ఉడికిన గింజలు పావురానికి, వార్చిన నీళ్ళు మాకు. ఆ నీళ్ళలో ఇంత చింతపండు పిసికి, ఉప్పూ కారం వేసి, అన్నంలో పోసి పెట్టేది అమ్మ. ఇవాళ పెద్ద హోటళ్ళలో ఆ నీళ్ళనే గిన్నెలో పోసి పైన మీగడ వేసి ఉలవచారని తెచ్చిపెడుతుంటే, ఈ గింజలు ఎవరికి పెట్టార్రా అని అడగాలనిపిస్తుంది.

నాన్న లేచి తన మొహం కడుక్కునేలోపు దాని మొహం కడిగేవాడు. ఆముదం వేడిచేసి దాని కాళ్ళకి మర్దనా చేసేవాడు. మా ఇద్దరి తలలకీ ఆముదం చుక్క లేక జుట్టు చీపురులా ఉంటే ఉండనీ, దాని కాళ్ళు మాత్రం నిగనిగలాడాలి. "ఏం తల్లీ, నిన్న రాళ్ళరోడ్డు ఎక్కించాను, కోపమా?" అని దాని చెవిలో అడిగేవాడు. మాతో అంత మెల్లగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ పొయ్యిదగ్గర్నుంచే, "దాన్ని కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నావు?" అనేది. ఆయన నవ్వేవాడు. కాబట్టి నా కుళ్ళుకి మొదటి అర్హురాలు మా చెల్లెలు కాదు, ఆ గుర్రం. కానీ గుర్రం మీద కుళ్ళు ఎంతకాలం ఉంటుంది? అది తిరిగి ఏమీ అనదు.

పావురం ఎంత లాగుతుందని ఎవరన్నా అడిగితే నాన్నకి కోపం వచ్చేది. ఆయనకి చదువు లేదు, లెక్క రాదు, కానీ స్టేషన్ మెట్లు దిగి వచ్చే మనిషిని చూసి వాడు బండిలో ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాడు. జట్కాలో బెంచీలుండవు కదా. గడ్డి పరిచి దానిమీద గోనెపట్టా వేసేవాళ్ళు, అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. రెండే చక్రాలు. ముందు బరువు పడితే అదంతా గుర్రం వీపు మీదకి దిగుతుంది. వెనక బరువు పడితే గుర్రానికి రెండు పక్కలా ఉన్న కర్రలు పైకి లేచి, పొట్టకింద పట్టీ దాన్ని గాల్లోకి ఎత్తేస్తుంది. "తూకం కుదిరితే ఆరుగుర్నీ, మూటల్నీ లాగుద్ది నా తల్లి. తూకం తప్పితే ఇద్దరు పిల్లల్ని కూడా లాగలేదు," అనేవాడు. భయపడే మనిషంటే ఆయనకి భయం. భయపడేవాడు వెనక్కి వాలతాడు, వాడొక్కడూ ఇద్దరి పెట్టంట. అట్లాంటివాణ్ణి పసిగట్టి తన పక్కనే కూర్చోబెట్టుకుని, దారిపొడుగునా పిల్లల పెళ్ళిళ్ళ గురించి అడుగుతూ వాడికి భయం తెలియకుండా చేసేవాడు.

"బాబుగారూ, కాస్త ముందుకు జరగండి. అమ్మగారూ, ట్రంకుపెట్టె ఇటియ్యండి." జరిగేవాళ్ళు జరిగేవాళ్ళు. కానీ ఒకసారి సర్దుక్కూర్చున్నాక పెద్ద పెద్ద మనుషులు జరుగుతారా? వాళ్ళని రెండోసారి అడగటం నాన్నకి మొహమాటం. అందుకని నేనున్నాను. కొట్లో త్రాసు ఒకవైపు తేలిపోతుంటే తేలే పళ్ళేనికి ఒక చిన్న ఇనపముక్కో రాయో కట్టి సరిచేస్తారు చూడండి, దాన్ని పాసంగం అంటారు. మా బండికి నేను పాసంగాన్ని. నాలుగేళ్ళప్పటినుంచీ నా ఉద్యోగం అదే. ఎత్తు వస్తే నాన్న, "పాసంగం!" అని కేకవేసేవాడు, నేను మోకాళ్ళమీద పాకుకుంటూ ఆయన తొడపక్కకి చేరేదాన్ని. పల్లం వస్తే మళ్ళీ కేక, మనుషుల మధ్యనించి దూరుకుంటూ వెనక మెట్టు మీదకి పోయి కాళ్ళు వేలాడేసుకునేదాన్ని. కొన్నాళ్ళకి కేకే అక్కర్లేకపోయింది. తెనాలి నుంచి ఏ ఊరి దారిలో ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో నా పిర్రలకి తెలుసు.

ఎంత గర్వమో ఆ పని! బజార్లో కొట్లవాళ్ళు, "ఏమే పాసంగం పిల్లా!" అని పిలిచేవాళ్ళు. బండి ఎక్కిన మామ్మలు బెల్లంముక్క చేతిలో పెట్టేవాళ్ళు. చర్నాకోల కర్రని చక్రం ఆకులకి తగిలించి టకటకమనిపించి జనాన్ని తప్పుకోమనటం కూడా నాన్న నాకే ఇచ్చాడు. మధ్యాహ్నం ఖాళీబండి తోలుకుని ఇంటికి వచ్చేటప్పుడు ఆయన వీపుకి చెంప ఆనించి నిద్రపోయేదాన్ని. చెమటకి చొక్కా తడిసి ఉండేది, అయినా జరిగేదాన్ని కాదు. అమ్మకి కృప ఉంది, నాన్నకి నేనున్నాను. నా లెక్క అది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక పొద్దున, బండి కట్టాక, ఎప్పట్లా ఎక్కి కూర్చున్నాను. నాన్న నా చంకలకింద చేతులు వేసి కిందకి దించాడు. "నువ్వు బరువెక్కావే తల్లీ. పావురం లాగలేదు. ఇంక నువ్వు వద్దు," అన్నాడు. నేను నమ్మలేక అట్లాగే నిలబడ్డాను. ఆయన ఇంట్లోకి వెళ్ళి, నిద్రకళ్ళతో ఉన్న కృపని ఎత్తుకొచ్చాడు. దానికి ఐదేళ్ళు. ములక్కాడలా ఉండేది. దాన్ని నేను కూర్చునే చోట, సరిగ్గా అక్కడే, కూర్చోబెట్టి, "ఇవాళ్టినుంచి నువ్వు పాసంగం," అన్నాడు. అది కిలకిలా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రోజే అమ్మ నాకు ఉతికిన గౌను తొడిగి మిషన్ బడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. బడి అంటే బరువెక్కిన పిల్లల్ని పడేసే చోటు కాబోలు అనుకున్నాను. మొదటి పదిరోజులూ పలక మీద ఒక్క అక్షరం రాస్తే ఒట్టు.

పిల్లదాన్నే గానీ బుర్ర తక్కువేం కాదు. మార్గం కనిపెట్టాను. నేను తగ్గాలి, అది పెరగాలి. అది బరువెక్కితే దాన్నీ దించుతాడు, నేను తేలికైతే నన్ను ఎక్కించుకుంటాడు. ఇంత తేలిక! ఆ రాత్రి అన్నం దగ్గర నా కంచంలో ముద్ద తీసి దాని నోట్లో పెట్టాను. అది వద్దంటుందేమో అనుకున్నాను, ఊహూ, పిచ్చుకపిల్లలా నోరు తెరిచింది. మర్నాడు రెండు ముద్దలు. తర్వాత సగం అన్నం. చేపముక్క ముల్లు తీసి మరీ పెట్టాను. "తిను కృపా, తిను," అని బుజ్జగించాను. లోపల మాత్రం, ఎప్పుడు బలుస్తావే పాపిష్టిదానా, అనుకుంటున్నాను.

అమ్మ చూసి కళ్ళొత్తుకుంది. "నా పెద్దది చూశారా, కడుపు మాడ్చుకుని చెల్లెలికి పెడతంది," అని ఇరుగూ పొరుగూ చెప్పుకుంది. చర్చిలో పాస్టరమ్మగారు నా తల నిమిరి, ఆదివారం బడిలో పిల్లలందరి ముందూ నిలబెట్టి, "అక్క అంటే ఇట్లా ఉండాలి," అంది. నేను వినయంగా తలవంచుకుని నిలబడ్డాను. సిగ్గు వేసిందా? అబ్బే. అంతసేపూ ముందు వరసలో ఉన్న కృప బుగ్గలే చూస్తున్నాను, ఏమన్నా ఊరాయా అని. ఊరితేగా! తిన్నదంతా ఏమైపోయేదో, ఆ ములక్కాడ ములక్కాడలాగే ఉండేది. రోజూ బండెక్కి టకటకలాడించుకుంటూ నా కళ్ళముందునుంచే పోయేది.

నేను మాత్రం తగ్గాను. తగ్గానని రుజువు కావాలి కదా. బజార్లో ధాన్యం కొట్టు ముందు బస్తాలు తూచే పెద్ద కాటా ఉండేది. దాని దగ్గర ఒక తాత కూర్చునేవాడు. వెళ్ళి, "తాతా, నన్ను తూచవా?" అని అడిగాను. "పిల్లల్ని తూయకూడదే, దిష్టి తగులుద్ది," అన్నాడు. కాళ్ళా వేళ్ళా పడ్డాను. నవ్వుకుంటూ బస్తా పెట్టే చోట నన్ను కూర్చోబెట్టి తూచాడు. కొన్ని వారాలు పోయాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి తాత నవ్వలేదు. "ఇదేంటే, ఇంత తగ్గావు? అన్నం తింటన్నావా లేదా?" అన్నాడు. ఆ మాట చాలు నాకు. మిట్టమధ్యాహ్నం ఎండలో కాళ్ళకి చెప్పుల్లేకుండా స్టేషన్ దాకా పరిగెత్తాను.

నాన్న బండి నిండా మనుషుల్ని ఎక్కించుకుని అప్పుడే పగ్గాలు అందుకుంటున్నాడు. పక్కన కృప. "నాన్నా, నేను తగ్గిపోయాను! కాటా తాతని అడుగు! నన్నెక్కించుకో, దాన్ని దించెయ్!" అని అరవబోయాననే గుర్తు. తర్వాత ఏమైందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి నాన్న ఒళ్ళో ఉన్నాను. బండి ఖాళీగా ఉంది. ఎక్కిన మనుషుల్ని దించేసి, వాళ్ళు తిడుతున్నా పట్టించుకోకుండా, నన్ను ఇంటికి తీసుకొస్తున్నాడు. ఎక్కినవాళ్ళని దించటం ఆయన జన్మలో చెయ్యని పని. ఇంటికొచ్చి అమ్మతో, "రేపట్నించి ముందు దీనికి పెట్టు. తరవాతే పావురానికి," అన్నాడు. పావురం కుండలోంచి ఉలవలు తీసి, ఇంత బెల్లం కలిపి, ఆయనే నా నోట్లో పెట్టాడు.  నేను తింటూనే అడిగాను, "రేపు నన్ను ఎక్కించుకుంటావా?" ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఉలవలన్నీ తిన్నాను గానీ ఆయన్ని క్షమించలేదు.

తర్వాత నేను చదువుకున్నాను. చదువు బాగానే అబ్బింది, మొండిదాన్ని కదా. కృప తొమ్మిదేళ్ళు బండిమీద ఉంది. రిక్షాలూ బస్సులూ పెరిగాయి, స్టేషన్ ముందు జట్కాలు ఒక్కొక్కటీ మాయమయ్యాయి, పావురం ముసలిదై పోయింది, నాన్న బండి అమ్మేశాడు. అప్పటికి కృపకి పద్నాలుగేళ్ళు. ఆ వయసులో ఒకటో తరగతిలో ఎవరు కూర్చోబెడతారు? పెళ్ళి చేశారు. నేను టీచరు ట్రైనింగ్ అయ్యి, రేపల్లెలో కొన్నాళ్ళూ బాపట్లలో కొన్నాళ్ళూ పనిచేసి, ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాను. నెల నెలా పెన్షన్ వస్తుంది. కృప ఇప్పటికీ పొద్దున్నే లేచి చేపలు ఎండబోసుకుంటుంది. ఎవరి బతుకు బాగుందని అడిగితే పసిపిల్లాడైనా చెబుతాడు. అయినా ఇన్నేళ్ళూ నాన్న పేరెత్తగానే నాకు గుర్తొచ్చేది ఆ పొద్దున నా చంకలకింద పడ్డ ఆ చేతులు. ఆయనకి కృపంటేనే ప్రాణం. లేకపోతే కాస్త బరువెక్కినంత మాత్రాన కన్నకూతుర్ని దించేస్తాడా?

పెళ్ళినుంచి వచ్చిన మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, ఆగలేక అనేశాను. "నాన్నకి నువ్వంటేనే ప్రాణం కదే. నేను బరువెక్కానని దించేసి నిన్నెక్కించుకున్నాడు."

కృప గ్లాసు కింద పెట్టింది. "ఏంటక్కా, నిజంగానే అంటున్నావా?"

"ఏం, అబద్ధమా?"

"పాసంగం బరువుంటేనే కదక్కా మంచిది. నా బరువు చాలక నాన్న నా ఒళ్ళో ఇటుకలు పెట్టేవాడు. నీకు తెలవదా? నిన్ను బళ్ళో వెయ్యాలని దించాడు. బడికి పొమ్మంటే దిగవని బరువెక్కావని అబద్ధం చెప్పాడు. బండెక్కినోళ్ళందరికీ అదే చెప్పేవాడు. 'మా పెద్దది మొండిదండి, నిజం చెబితే దిగదండి, అందుకని బరువెక్కావన్నానండి,' అని. తెనాలంతా తెలుసు. నీకు తెలుసనే అనుకున్నా ఇన్నాళ్ళూ."

 ముప్పై ఏళ్ళు బడిలో ఉన్నదాన్ని. బరువు ఎక్కువైతే పాసంగం ఇంకా బాగా పనిచేస్తుందని ఈ బుర్రకి ఒక్కసారన్నా తట్టలేదు. ముందురోజు గుర్రం కాళ్ళు చూసి బండి సంగతి చెప్పగలిగిన మనిషికి, తన సంగతి తెలియలేదు. "మరి నిన్నెందుకు దించలేదు?" అన్నాను.

"నన్ను దించటానికి ఇంకోళ్ళు పుట్టాలిగా," అంది. మామూలుగానే అంది. "అమ్మకి తరవాత కానుపు నిలవలా. పాసంగం లేకపోతే పావురం పోద్ది, పావురం పోతే అన్నం పోద్ది. ఒకదాన్ని దించగలిగాడు, దించాడు." మళ్ళీ గ్లాసు అందుకుంది. "చదువు లేదే అని నాకూ ఏడుపొచ్చేదక్కా ఒక్కోసారి. మా ఆయన కాయితాల మీద వేలిముద్ర వెయ్యమన్నప్పుడల్లా వచ్చేది. అప్పుడు ఒకటే అనుకునేదాన్ని. చదువు లేకపోతే పోయింది, మా అక్క తను పస్తుండి ముద్ద నా నోట్లో పెట్టింది, అంత ప్రేమ ఎంతమందికి దొరుకుద్ది, అని."

 చెప్పాలి. ఎట్టా చెప్పాలి? దాని బడి నేను తీసుకున్నాను. ఆ ముద్ద కూడా తీసేసుకుంటే దానికింక మిగిలేదేముంది? చెప్పలేక రాయటం మొదలుపెట్టాను. పైదంతా ఈ వారంలో రాసిందే. అది చదవలేదు కదా అన్న ధైర్యం. సిగ్గులేని ధైర్యం.

నిన్న పొద్దున బట్టలు సర్దుకుంటూ, "రేపు పోతున్నా కదా, వారంనుంచీ అంత రాశావు, అందులో నేనూ ఉంటాగా. చదివి వినిపించు," అంది. తప్పించుకోలేకపోయాను. కుర్చీ వేసుకుని, మొదట్లో కుళ్ళు మాటలున్న పేరా దాటేసి, పెళ్ళి దగ్గర్నుంచి చదివాను. పెళ్ళి దగ్గర నవ్వింది. పావురం దగ్గర కళ్ళు తుడుచుకుంది. అన్నం ముద్దల దగ్గరికి వచ్చాను. కాయితం మీద ఉన్నది వదిలేసి, "నా చెల్లెలంటే నాకు ప్రాణం, అందుకని నా ముద్ద దానికి పెట్టేదాన్ని," అని నోటికొచ్చింది చదవటం మొదలుపెట్టాను.

"అక్కా," అంది కృప. "ఇందాకటినుంచీ చదివేటప్పుడు నీ కళ్ళు ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతున్నాయి. ఇప్పుడు ఒకచోటే ఉన్నాయేంటి?"

ఇంక దాచలేకపోయాను. కాయితాలు ఒళ్ళో పెట్టుకుని చెప్పేశాను. నేను తగ్గటానికే మానేశాను, నిన్ను బలిపించటానికే పెట్టాను, నిన్ను దించాలనే పెట్టాను. కుళ్ళుతో పెట్టాను కృపా, అన్నాను.

 "రోజూనా?" అంది కృప.

"రోజూ."

"మరి నువ్వు కళ్ళు తిరిగి పడిపోయాక కూడా పెట్టావుగా. బండి అమ్మేశాక కూడా పెట్టావు. నా పెళ్ళి రోజు దాకా నీ కంచంలో చివరి ముద్ద నాదేగా. అప్పుడు బండి లేదు, గుర్రం లేదు. అప్పుడెవర్ని దించుదామని పెట్టావు?"

అది నిజం. పెట్టాను. నాకే గుర్తులేదు. "ఏమోనే, అలవాటైపోయింది," అన్నాను.

"నేను తలుచుకునేది ఆ అలవాటునే," అంది. ముక్కు చీది, చీర చెంగుతో తుడుచుకుని, నావైపు జరిగి కూర్చుంది. "నేనూ ఒకటి చెప్తా, రాసుకో. నువ్వు బళ్ళో చేరాక నాన్న బండిమీద నాతో ఏం మాట్లాడేవాడనుకున్నావు? నీ గురించే. 'అక్క ఇప్పుడు పద్యం చదువుతా ఉంటది, అక్క ఇప్పుడు ఎక్కాలు చెప్తా ఉంటది.' చెవులు చిల్లులు పడేవి. మీ బడి ముందుకి రాగానే బండి నెమ్మది చేసేవాడు, లోపల్నించి నీ గొంతు వినపడుద్దేమోనని. ఎక్కినోళ్ళని కూడా మాట్లాడనిచ్చేవాడు కాదు, 'కాస్త ఆగండి బాబూ, మా పెద్దది చదువుతంది,' అని. నాకు ఎంత కుళ్ళొచ్చేదో తెలుసా? సరిగ్గా అక్కడ నేను ఎనక మెట్టు మీదకి జరిగిపోయేదాన్ని. కావాలని. తూకం తప్పి పావురం ఆగిపోయేది. 'పాసంగం! ముందుకు రావే!' అని నాన్న అరుచుకునేవాడు. ఆ అరుపులో నీ చదువు వినపడేది కాదు."

నాన్న నా గొంతు వినాలనుకున్నాడు. ఇది విననివ్వలేదు. కోపం రావాలి కదా నాకు? రాలేదు. ఇన్నేళ్ళలో నా మనసు ఇంత తేలికపడిన రోజు లేదు. నన్ను చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారు!

"ఎన్నిసార్లు చేశావే అట్లా?" అన్నాను.

"రోజూ," అంది కృప. "ఆదివారం తప్ప. ఆదివారం నీకు బడి ఉండదుగా."